పొయ్యి వెలగని ఇల్లు

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దలకీ పిల్లలకీ, చివరికి ఆయనకంటే వయసులో పెద్దవాడైన టైలరుకి కూడా ఆయన కరెంటు బాబాయే. ఫ్యూజు పోతే బాబాయ్, ఫ్యాను కిర్రుమంటే బాబాయ్, మోటారు నీళ్ళు లాగకపోతే బాబాయ్. పిలుపు చెవిన పడితే చాలు, కంచం ముందునుంచి కూడా లేచి, చెయ్యి కడుక్కుని, టెస్టరు జేబులో పెట్టుకుని బయల్దేరేవాడు. "రేపు వస్తాను" అన్న మాట ఆయన నోట ఆ వీధి ఎన్నడూ వినలేదు. ఆ మాట విన్నది ఒక్క ఆయన ఇల్లే.

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రార్థన మందిరం హాల్లో వీధివాళ్ళందరి సభ పెట్టారు. విద్యుత్ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. సంగతేమిటో అందరికీ ముందే తెలుసు. వీధి మొత్తం బొగ్గుల పొయ్యిలూ కిరసనాయిలు స్టవ్వులూ మానేసి కరెంటు పొయ్యిలకి మారాలి. మందిరం కప్పు మీద సోలారు పలకలు పెట్టించుకోవాలి. అందుకు ఆఫీసు కొత్త లైను లాగుతుంది. కాకపోతే ఒక షరతు ఉంది. సభలో ఎక్కువమంది చెయ్యెత్తి ఒప్పుకుంటేనే లైను ఈ వీధికి వస్తుంది, లేదంటే పక్క వీధికి పోతుంది.

బాబాయ్ పొద్దుటినుంచీ హాల్లోనే ఉన్నాడు. మైకు సరిచేశాడు, కుర్చీలు వేయించాడు, ఫ్యాన్లన్నీ ఒకసారి తిప్పి చూసుకున్నాడు. ఫ్యాన్లు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. మామూలు రోజుల్లో ఆ ఫ్యాన్ల వంక చూస్తే ఆయనకి ఛాతీ కాస్త ముందుకొచ్చేది. ఆ రోజెందుకో తలెత్తి చూడబుద్ధి కాలేదు.

ఎందుకో ఆయనకి తెలియకపోలేదు.

అంతకు ముందు ఏడాది ఆఫీసువాళ్ళు, వీధిలో ముందుగా ఒక ఇంట్లో కరెంటు పొయ్యి పెట్టి చూపిద్దామనుకున్నారు. కరెంటు పనిచేసే మనిషి ఇల్లయితే నలుగురికీ నమ్మకం కుదురుతుందని బాబాయ్ ఇంటికే ఇచ్చారు. పొయ్యితోపాటు ఒక చుట్ట లావుపాటి వైరు కూడా ఇచ్చారు. పాత గోడల్లో ఉన్న సన్న వైరు ఆ పొయ్యి లోడు తట్టుకోదని ఆఫీసుకీ తెలుసు, బాబాయ్‌కి అంతకంటే బాగా తెలుసు. మెయిను నుంచి వంటింటి దాకా కొత్త వైరు లాక్కుంటే సరి. ఒక పూట పని.

సరిగ్గా అప్పుడే మందిరం హాలుకి మరమ్మతులు జరుగుతున్నాయి. ఫ్యాన్లు వచ్చాయి గాని మంచి వైరు దొరకలేదు. కమిటీ పెద్దాయన నుదురు పట్టుకుని కూర్చుంటే బాబాయ్ ఇంటికెళ్ళి ఆ చుట్ట భుజాన వేసుకొచ్చాడు. పైసా కూలి లేకుండా రెండు పూటల్లో హాలంతా తనే లాగాడు. ఆ వారం ప్రార్థన అయ్యాక పెద్దాయన మైకు పుచ్చుకుని, "ఇలాంటి భక్తుడు మన మధ్య ఉండడం మన అదృష్టం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. బాబాయ్ చేతులు జోడించి తల వంచాడు. ఆ వైరు ఎక్కడిదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అత్తా లేదు, అల్లుడూ లేడు. వంటింటి సొమ్ము హాలుకి వెళ్ళింది, అంతే. దేవుడికిచ్చిన దాంట్లో తప్పేముందని ఆయన అనుకున్నాడు. అయితే ఎవరి వాటా తీసి ఇచ్చామో దేవుడు చూసుకోడా? చూస్తే, ఆ గాలి దేవుడికి చల్లగా తగులుతుందా? ఈ ప్రశ్న బాబాయ్‌కి అప్పట్లో రాలేదు. వచ్చినా అవతల చప్పట్లు గట్టిగా ఉన్నాయి.

ఆయన భార్య కూడా కాదనలేదు. "దేవుడికే కదా" అంది. దేవుడి పేరు చెప్పి అడిగితే కాదనగలిగే ఇల్లాలు ఏ ఇంట్లో ఉంటుంది?

"ఇంకో చుట్ట తెస్తాలే, రేపు" అన్నాడాయన. అప్పటిదాకా పాత వైరుకే పొయ్యి తగిలించాడు.

ఆ వారంలోనే ఆవిడ, "ఏమండీ, స్విచ్చి వేడెక్కుతోంది" అని చెప్పింది. "రేపు చూస్తా" అన్నాడు. "గోడ దగ్గర కాలిన వాసన వస్తోంది" అని ఇంకోసారి చెప్పింది. ఎవరింట్లోనో గీజరు పాడైతే బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పుల్లో కాలు పెడుతూ, "అబ్బబ్బా, చూస్తానన్నానుగా" అన్నాడు. ఆ తరవాత ఆవిడ మళ్ళీ చెప్పలేదు. వేళకి అన్నం వస్తూనే ఉంది. పెరట్లో మొక్కల మొదళ్ళలో బూడిద కనపడేది. ఆయన చూపు ఆ మొక్కల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేది. ఆవిడ చీర కొంగు పక్కనుంచి వెళ్తే పొగ వాసన వేసేది. అడిగితే జవాబొస్తుందని ఆయన అడగలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఏడాది గడిచింది.

ఇంజనీరమ్మ చక్కగా మాట్లాడింది. చిన్నవయసు మనిషే గాని విసుగూ విసురూ లేవు. పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో చెప్పింది, పొయ్యి దగ్గర పిల్లల్ని ఎత్తుకుని కూర్చునే తల్లుల గురించి చెప్పింది. కాల్చేదాని మీద కాకుండా ఎండ మీదా గాలి మీదా బతకడం నేర్చుకోవాలంది.

"గాలి మీద మేం ఎప్పటినుంచో బతుకుతున్నామమ్మా, నెలాఖరులో చూడు" అన్నాడు టైలరు వెనకనుంచి. హాలు నవ్వింది. ఆవిడా నవ్వింది.

"మాటలెందుకు, మీ వీధిలోనే ఏడాదిగా కరెంటు పొయ్యి మీద వండుకుంటున్న ఇల్లుంది. ఆ ఇంటాయన ఇక్కడే ఉన్నారు. బాబాయిగారూ, రండి. ఎలా ఉందో మీరే చెప్పండి."

మైకు చేతిలోకి వచ్చింది. దాన్ని బాబాయ్ ఎన్నోసార్లు విప్పి బిగించాడు గాని దాంట్లో మాట్లాడడం అదే మొదలు. కరెంటు పొయ్యి మంచిదని, పొగ ఉండదని, నలుగురూ చెప్పే మాటలే నాలుగు చెప్పి దిగిపోదామనుకున్నాడు. ఎదురుగా అన్ని మొహాలు, అన్నిట్లోనూ నమ్మకం. ముందు వరసలో కమిటీ పెద్దాయన, "చెప్పవయ్యా, చెప్పు" అంటూ తలూపుతున్నాడు. నోరు దానంతటదే కదిలింది.

"ఏముందమ్మా చెప్పడానికి. మా ఇంట్లో పొయ్యి వెలిగి ఏడాదైంది" అన్నాడు.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తరవాత మగవాళ్ళ వైపు ఒక్కసారిగా నవ్వు పేలింది.

"అయ్యో పాపం! పొయ్యిలో పిల్లి లేవలేదా బాబాయ్?" అని అరిచాడు టైలరు. "ఏడాదినుంచి పస్తులుంటూ మాకు ఫ్యూజులు వేస్తున్నావా? ముందే చెబితే మా ఇంటినుంచి ఇంత కూర పంపేవాళ్ళం కదయ్యా!"

"అదికాదయ్యా, నా ఉద్దేశం బొగ్గుల పొయ్యి..." అని బాబాయ్ సర్దుకోబోయాడు. నవ్వులో ఆ మాట మునిగిపోయింది. ఆయనా నవ్వేశాడు. అబద్ధం నవ్వులో కలిసిపోయినందుకు లోపల కాస్త స్థిమితపడ్డాడు కూడా. అప్పుడు చూశాడు ఆడవాళ్ళ వైపు.

అక్కడ ఎవరూ నవ్వడం లేదు. పక్కింటి అక్క గోడకేసి చూస్తోంది. ఆవిడ పక్కనున్నావిడ కొంగు అంచు మడతపెట్టి విప్పుతోంది. వాళ్ళందరి మధ్యా ఆయన భార్య తల దించుకుని కూర్చుని ఉంది. ఎవరూ ఆవిడకేసి చూడడం లేదు. అందరూ కూడబలుక్కున్నట్టు ఆవిడకేసి చూడకుండా ఉండడంలోనే బాబాయ్‌కి అంతా అర్థమైపోయింది. వాళ్ళందరికీ తెలుసు. ఏడాదినుంచీ తెలుసు. ఆవిడ పరువు కోసం ఎవరూ నోరెత్తలేదు.

ఇక దిగిపోవాలనుకున్నాడు. ఇంజనీరమ్మ మాత్రం ఉత్సాహంగా లేచింది.

"అయితే పదండి, ఆ వంటిల్లు చూసొద్దాం! నాలుగిళ్ళ అవతలే కదా. చూశాక చేతులెత్తుదురుగాని."

"ఇప్పుడెందుకమ్మా, ఇల్లు సర్ది లేదు..." అని నీళ్ళు నమిలాడు బాబాయ్.

"సర్ది ఉన్న వంటిల్లు పనిచెయ్యని వంటిల్లండీ" అందావిడ నవ్వుతూ. హాలు అప్పటికే లేచింది. కుర్చీలు కిర్రుమన్నాయి. అందరికంటే ముందు గుమ్మం దాటింది ఆయన భార్య. పరుగెత్తలేదు గాని నడకా కాదది.

ఇంటికి చేరేసరికి ఆవిడకి దొరికిన వ్యవధి బహుశా తలుపు తాళం తీసేంత. వంటింట్లోకి పట్టినంతమంది వెళ్ళారు, మిగిలినవాళ్ళు కిటికీ దగ్గర మూగారు. గట్టు మీద కరెంటు పొయ్యి ఉంది. దాని మీద ఉప్పు జాడీ, పక్కన చింతపండు డబ్బా, ఆ పక్కన బోర్లించిన గ్లాసులు ఉన్నాయి. దాని వైరు చక్కగా చుట్టి, దారంతో కట్టి ఉంది. పొయ్యి అద్దంలా తళతళలాడుతోంది. రోజూ తుడుస్తుంది కాబోలు. పెరటి తలుపు తెరిచే ఉంది. బయట గోడవారన బొగ్గుల పొయ్యి, దాని మీద మూతపెట్టిన గిన్నె, కింద ఇంకా ఎర్రగా కళ్ళు తెరిచి చూస్తున్న నిప్పులు.

ఎవరూ మాట్లాడలేదు. టైలరు కూడా.

బాబాయ్ గుమ్మంలో నిలబడిపోయాడు. నేల చీలితే అందులోకి దిగిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు గాని నేల చీలలేదు.

అప్పుడు ఆవిడ ముందుకొచ్చింది. ఉప్పు జాడీ తీసి పక్కన పెట్టింది. ఇంజనీరమ్మకేసి చూస్తూ, అందరికీ వినపడేలా చెప్పింది.

"తప్పు నాదేనమ్మా. ఆయనది కాదు. నాకు కరెంటంటే భయం. షాకు కొడుతుందేమోనని. ఆయన ఎన్నోసార్లు చెప్పారు, నేనే వినలేదు. ఆయన పనికి పోయాక పెరట్లో వండేసి, ఆయన వచ్చేసరికి పొయ్యి ఆర్పేసి బోర్లించేసేదాన్ని. ఆయనకి తెలీదు. చదువులేని దాన్ని. మీరేమీ అనుకోకండి."

బాబాయ్‌కి ఆ మాటలన్నీ వినపడ్డాయి. ఒక్కొక్కటే విడివిడిగా వినపడింది. అప్పుడైనా నోరు విప్పవలసింది ఆయనే. విప్పలేదు. పైపెచ్చు, పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీలేవయ్యా, ఆడవాళ్ళకి భయం ఉంటుంది" అంటే తలూపాడు కూడా. అది గట్టిగా ఊపిన ఊపు కాదు. ఊపానా లేదా అని తరవాత తనకే అనుమానం వచ్చేంత చిన్నది. కాని ఊపాడు.

"భయం సహజమేనమ్మా, మేం నేర్పిస్తాం" అంది ఇంజనీరమ్మ దయగా. ఆ దయకి ఆయన భార్య తల ఇంకాస్త దిగింది.

జనం మళ్ళీ హాలుకి చేరారు. ఈసారి కుర్చీల్లో కూర్చోవడంలో తేడా వచ్చింది. గుసగుసలు ఫ్యాన్ల గాలికంటే జోరుగా తిరుగుతున్నాయి. కరెంటువాడి పెళ్ళానికే కరెంటంటే భయమైతే మన సంగతేమిటి అంది ఒకావిడ. రోజూ చూసే మనిషే ముట్టుకోనిది మనం ముట్టుకుంటామా అంది ఇంకొకావిడ. ఆవిడకి ఏదో తెలిసే ఉంటుంది, నోట చెప్పలేక భయమంటోంది అన్నాడో ముసలాయన.

టైలరుకి నోరు తిరిగొచ్చింది. "పిన్నీ, ఇన్నాళ్ళూ బాబాయ్ పక్కన ఎలా పడుకున్నావమ్మా? ఆయన ఒళ్ళంతా కరెంటే కదా!" అన్నాడు. అతని మనసులో చెడ్డ లేదు. బిగుసుకున్న హాలుని కాస్త వదులు చేద్దామనుకున్నాడు. కొందరు నవ్వారు కూడా. ఆవిడ కూడా నవ్వడానికి ప్రయత్నించింది. ఆ ప్రయత్నాన్ని బాబాయ్ చూశాడు. పెదవులు కదిలాయి, మొహం కదల్లేదు.

"సరే, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అంది ఇంజనీరమ్మ.

మగవాళ్ళ వైపు అక్కడొకటీ ఇక్కడొకటీ లేచాయి. ఆడవాళ్ళ వైపు ఒక్కటీ లేవలేదు. వండేవాళ్ళు వద్దన్నాక తినేవాళ్ళు చేతులెత్తి ఏం లాభం? లేచిన చేతులు కూడా పక్కకి చూసుకుని మెల్లగా దిగిపోయాయి. ఇంజనీరమ్మ ఒక నిమిషం ఆగి, తెచ్చిన కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. పక్క వీధికి వెళ్ళడానికి ఆవిడకి ఇంకా పొద్దుంది.

బాబాయ్‌కి అప్పుడు దేవుడు గుర్తొచ్చాడు. గట్టెక్కించమని కాదు. ఇన్నాళ్ళూ ప్రతి ఉదయం దణ్ణం పెట్టుకుంటూ, "అందరూ చల్లగా ఉండాలి" అని తను అడుగుతున్నది గుర్తొచ్చింది. ఆ అందరిలో వెనక పెరట్లో పొగలో కూర్చున్న మనిషి ఉందా లేదా? దేవుడి లెక్కలో ఉందేమో, తన లెక్కలో లేదు. దేవుణ్ణి అడిగే ముందు తను చేయవలసింది తను చేశాడా? ఈ ప్రశ్న ఏ గురువూ చెప్పకుండానే, ఆ కుర్చీలో, అంతమందిలో, మొదటిసారి ఆయన్ని పట్టుకుంది.

లేచి నిలబడ్డాడు. మైకు దాకా వెళ్ళలేదు.

"ఆవిడకి భయం లేదమ్మా" అన్నాడు.

హాలు సద్దుమణిగింది.

"పెళ్ళయిన కొత్తలో నేను స్తంభమెక్కితే కింద నిచ్చెన పట్టుకున్నది ఆవిడే. భయమున్న మనిషి పట్టుకుంటుందా? స్విచ్చి వేడెక్కుతోందని నాతో చెప్పింది. ఒకసారి కాదు. కాలిన వాసన వస్తోందని చెప్పింది. నేను రేపు చూస్తానన్నాను. పొయ్యిదేం తప్పు లేదు, అది మంచి పొయ్యే. వైరు సన్నది. మారిస్తే ఇబ్బందేం లేదు. మార్చలేదు నేను. ఆవిడ దాన్ని వాడడం మానేస్తే అది తెలివి, పిరికితనం కాదు. వాడి ఉంటే ఈపాటికి ఇల్లు అంటుకునేది. అంతా ఎరిగే ఇందాక మైకులో అలా కూశాను."

ఆగాడు. చెప్పవలసింది ఇంకా ఉందని కాళ్ళకి తెలుస్తోంది. అవి కూర్చోనివ్వడం లేదు.

"ఆఫీసువాళ్ళు వైరు ఇవ్వలేదనుకునేరు. ఇచ్చారు. మంచి లావు వైరు, చుట్టకి చుట్ట." ఆయన తలెత్తి పైకి చూశాడు. ఆయనతోపాటు హాలంతా తలెత్తింది. "అదుగో, అది."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇంత మంచి గాలి అంత ఇబ్బందిగా ఎప్పుడూ తగల్లేదు ఎవరికీ.

ముందు వరసలో ఒకాయన ఉండలేక లేచి వెళ్ళి స్విచ్చిలన్నీ ఆపేశాడు. రెక్కలు మెల్లగా ఆగాయి. ఉక్క దిగింది. కమిటీ పెద్దాయన చిరాగ్గా, "వెయ్యవయ్యా! ఆపితే ఆ వైరు లేచి ఆవిడ వంటింటికి నడిచిపోతుందా?" అన్నాడు. తరవాత బాబాయ్ వైపు తిరిగాడు. "ఆవేళే చెప్పవలసింది కదయ్యా. మేం వద్దనే వాళ్ళం కదా."

"పొగుడుతున్నారు కదండీ" అన్నాడు బాబాయ్. "అప్పుడెలా చెప్పను?"

పెద్దాయన తన వేలి ఉంగరం తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిజం చెప్పాడని ఎవరూ భుజం తట్టలేదు. వెనకనుంచి ఎవరో, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని సన్నగా అన్నారు. టైలరు గొంతు కాదది. టైలరు తల దించుకుని ఉన్నాడు.

పక్కింటి అక్క లేచింది. మామూలుగా వీధి చివరికి వినపడే గొంతు ఆవిడది. ఇప్పుడు పక్కవాళ్ళకే వినపడేలా మొదలుపెట్టింది.

"మా ఇంట్లోనూ స్విచ్చి వేడెక్కింది, పోయిన చలికాలంలో. పిలిచిన పూటే వచ్చి చూసి వెళ్ళాడు బాబాయ్. అప్పుడు పిన్ని పెరట్లో పొగలో కూర్చుని వండుతోంది. గోడమీంచి నాకు కనపడుతోంది. కనపడుతున్నా పిలిచాను. ఇక్కడున్న ఆడవాళ్ళం అందరం అలాగే పిలిచాం. ముందు మీ ఇల్లు చూసుకో బాబాయ్ అని ఒక్కళ్ళం అనలేదు. మన పని అయిపోతే చాలుననుకున్నాం." కొంగుతో మొహం తుడుచుకుని, ఇంజనీరమ్మ వైపు తిరిగి గొంతు పెంచింది. "మీ పొయ్యి మీద మాకేం కోపం లేదమ్మాయ్. ముందు గోడల్లో ఏ వైరుందో ఇంటింటికీ వచ్చి చూడండి. అప్పుడు చేతులెత్తమంటే ఎత్తుతాం. ఇప్పుడు మాత్రం ఎత్తం."

ఇంజనీరమ్మ సంచి మూసి, "వైరు వేశారో లేదో ఏడాదిలో ఒకసారైనా మేం వచ్చి చూడవలసింది" అంది మెల్లగా. "ఆఫీసులో అడుగుతాను. ఒప్పుకుంటారని మాటివ్వలేను" అంటూ సంచి భుజాన వేసుకుంది. కొత్త లైను ఈ వీధికి వస్తుందో పక్క వీధికి పోతుందో ఆ రోజు ఎవరికీ తెలియకుండానే సభ ముగిసింది.

బాబాయ్ కళ్ళు భార్య కోసం వెతికాయి. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచి వెళ్ళిందో ఆయన చూడలేదు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో బొగ్గులు రాజేస్తోంది. ఆయన నేరుగా వంటింట్లోకి వెళ్ళాడు. మెయిను ఆపి, స్క్రూలు విప్పి సాకెట్టు బయటికి లాగాడు. లోపలి ప్లాస్టిక్కు కరిగి నల్లగా ముద్దయిపోయి ఉంది. వేలు తగిలితే మాడిన రొట్టె ముక్కలా పొడిపొడిగా రాలింది. వైరు మీద తొడుగు ఒలుచుకుపోయి రాగి తీగ కనపడుతోంది. ఇలాంటివి ఆయన ఎన్నో ఇళ్ళలో చూశాడు. చూసినప్పుడల్లా ఆ ఇంటి యజమానికి గడ్డిపెట్టేవాడు: "నీకు బుద్ధుందా? ఇంట్లో మనుషులున్నారా, పశువులున్నాయా?"

ఆ పొడి అరచేతిలో వేసుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"చూశావా" అన్నాడు.

"నాకు కొత్తగా చూపించేదేముంది" అంది ఆవిడ వెనక్కి తిరక్కుండా.

"రేపు..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. "ఈ సాకెట్టు ఇప్పుడే పీకేస్తాను. కొత్త వైరు తెచ్చేదాకా దీనికి కరెంటు రానివ్వను."

ఆవిడ ఊదుగొట్టంతో బొగ్గుల్ని ఊదింది. మంట అంటుకోక పొగ లేస్తోంది.

"నీకు కోపమొచ్చింది" అన్నాడు. "అక్కడ అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను కదే."

అప్పుడు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొగకో, మరి దేనికో.

"ఒప్పుకున్నారు. మీరు నిజం చెప్పి ఒడ్డున పడ్డారు. మరి నేనేమయ్యాను? అందరి ముందూ అబద్ధమాడిన దాన్నయ్యాను. రేపటినుంచి వీధిలో నేనేం చెప్పినా, ఇది ఎవర్ని కాపాడడానికో అనుకుంటారు. మిమ్మల్ని నిలబెట్టడానికి నేను పడుకున్నాను, మీరు నా మీదనుంచి నడిచి వెళ్ళారు."

"మరి చెప్పకుండా ఊరుకోమంటావా?"

"వంటింట్లో చెప్పాల్సింది. నేను జాడీ తీస్తున్నప్పుడు. నా పక్కన నిలబడి. అప్పుడు చెబితే నా నోట ఆ మాటే వచ్చేది కాదు." ఊదుగొట్టం కింద పెట్టింది. "పెద్దాయన భుజం మీద చెయ్యేస్తే తలూపారు మీరు. నేను చూశాను."

ఆ తలూపు ఎవరూ చూసి ఉండరనుకున్నాడాయన. ఇందాక అంతమందిలో అన్నీ చెప్పాడు గాని అది చెప్పలేదు. చెప్పడానికి అది మరీ చిన్నదనిపించింది. ఇప్పుడు చూస్తే ఆ రోజు జరిగిన వాటన్నిట్లోకీ అదే పెద్దదిగా ఉంది. ఊపలేదని అనడానికి నోరు రాలేదు, క్షమించమనడానికి మొహం చెల్లలేదు.

చెప్పులు విడిచి పెరట్లోకి దిగాడు. పొయ్యికి ఇవతలి వైపు నేలమీద చతికిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అక్కడ కూర్చోవడం ఆయనకి అదే మొదలు. గాలి ఇటే తిరిగి ఉంది. పొగ తిన్నగా కళ్ళలోకి వచ్చింది. దగ్గొచ్చింది, ఆగలేదు.

"లోపలికి వెళ్ళండి. పొగ" అంది ఆవిడ.

వెళ్ళలేదు.

"వెళ్ళమన్నానా. మీకు అలవాటు లేదు."

ఆ మాటకి ఆయన తల ఇంకా వంగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. ఆవిడ కొంచెంసేపు చూసింది. మొహంలో కోపం తగ్గలేదు. గిన్నె దించి పక్కన పెట్టి, గోడకి వేలాడుతున్న తాటాకు విసనకర్ర తీసి ఆయన ముందు పడేసింది.

"ఊరికే కూర్చునే బదులు విసరండి. నెమ్మదిగా. మీ ఫ్యాన్లలా కాదు."

ఆయన విసనకర్ర అందుకున్నాడు. ఎంత జోరుగా విసరాలో తెలియక గట్టిగా విసిరాడు. బూడిద లేచి ఆయన మొహానే పడింది. ఆవిడ నవ్వలేదు. చెయ్యి చాచి, ఆయన మణికట్టు పట్టుకుని, విసనకర్ర కాస్త కిందికి వంచింది.